ఇంట్లో పాడ్‌కాస్ట్‌కి మైకు కొనేముందు మా అత్తయ్య గాజుల సంగతి వినండి

మా పాడ్‌కాస్ట్‌లో మాట్లాడేది ఇద్దరమే. నేనూ, మా అత్తయ్యా. ఆవిడ ఊరగాయలు, పాత పెళ్లిళ్లు, గోదావరి వరదల కబుర్లు చెబుతుంటారు. నేను మధ్యలో అడ్డు ప్రశ్నలు వేస్తుంటాను. రాజమండ్రి దానవాయిపేటలో రెండో అంతస్తు వాటా, సిమెంటు గోడలు, కింద టైల్సు. మా స్టూడియో అదే.

ముందు నా తప్పు చెప్పేస్తాను. వీడియోల్లో అందరి మూతి ముందూ కనిపించే రకం మైకు ఒకటి, టేబుల్‌కి బిగించే స్టాండుతో సహా 3,500 రూపాయలు పెట్టి తెప్పించాను. యూఎస్‌బీ కండెన్సర్ మైకు, అంటే కంప్యూటర్‌కి నేరుగా తగిలించే, చిన్న శబ్దాన్నీ పట్టేసే రకం. దానిలో లోపమేమీ లేదు, గొడవంతా అదే. అది అన్నీ వింటుంది. ఫ్యాను, ఫ్రిజ్జు, పక్కింటి కుక్కరు మూడో కూత, కింద పాత ఇనుము కొంటామంటూ పోయే ఆటో, అన్నీ శుభ్రంగా రికార్డయ్యాయి. అత్తయ్య గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్టుంది. ఎందుకంటే ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి కూర్చునే మనిషి.

లెక్క చాలా సులువు. నోరు మైకుకి జానెడు దూరం నుంచి మూరెడు దూరం జరిగితే, మైకుకి చేరే గొంతు 6 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) పడిపోతుంది. గదిలో మోగే ప్రతిధ్వని మాత్రం ఇంచుమించు అలాగే ఉంటుంది. అప్పుడు సౌండు పెంచితే గొంతుతో పాటు గది కూడా పెరుగుతుంది. కాబట్టి మైకు ఎంత ఖరీదుదన్నది తర్వాత సంగతి. మీ ఇంట్లో మాట్లాడే మనిషి మైకు దగ్గర కదలకుండా కూర్చోగలరా లేదా, ముందు అది చూసుకోండి.

అత్తయ్య కూర్చోలేరు. అందుకని ఆవిడకి కాలర్ మైకు, బట్టలకి క్లిప్పుతో తగిలించుకునేది. నేను కొన్నది బోయా బీవై-ఎం1, అప్పట్లో వెయ్యి లోపే వచ్చింది. వైరు 6 మీటర్లు. దాని మీదున్న చిన్న డబ్బాలో ఎల్‌ఆర్44 గుండీ బ్యాటరీ వేయాలి, ఒక స్విచ్ ఉంటుంది. ఫోనుకి పెట్టినప్పుడు ఆ స్విచ్ ఆఫ్ వైపే ఉండాలి, ఆన్ అన్నది కెమెరాకి. ఇది తెలీక మైకు పాడైందనుకుని వాపసు పంపబోయాను. మీ ఫోనుకి గుండ్రటి జాక్ లేకపోతే టైప్-సి అడాప్టర్ కావాలి. అయితే కొన్ని అడాప్టర్లలో పాటలు వినిపిస్తాయి గానీ మైకు పని చేయదు. మైకుకి కూడా పనిచేస్తుందని రాసి ఉన్నదే కొనండి.

కాలర్ మైకు గడ్డం కింద జానెడు దూరంలో, ఛాతీ మధ్యన పెట్టాలి. ఆడవాళ్లతో రికార్డు చేసేవాళ్లకి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. గంజి పెట్టిన నేత చీర కట్టుకుంటే కదిలినప్పుడల్లా కాగితం నలిపినట్టు వినిపిస్తుంది. నల్లపూసలు మైకుకి తగిలితే టకటకా అంటాయి. ఇక గాజులు! మా అత్తయ్య చేతులు తిప్పకుండా ఒక్క వాక్యం చెప్పలేరు. గాజులు తీయమని అడిగే ధైర్యం నాకు లేదు. ముంజేతికి మెత్తటి చేతిరుమాలు చుట్టాను. "ఇదేం వేషమే అమ్మాయ్" అన్నారు, చుట్టించుకున్నారు.

ఇద్దరున్నప్పుడు ఒక జాక్‌ని రెండు చేసే స్ప్లిటర్ పెట్టి రెండు మైకులూ ఒకే ఫోనుకి తగిలించకండి. రెండు గొంతులూ ఒకే ట్రాక్‌లో కలిసిపోతాయి, ఒకరు దగ్గితే తీయడం కుదరదు. ఎవరి ఫోను వాళ్లదే. రెండూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, రికార్డింగ్ మొదలయ్యాక ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. తర్వాత కంప్యూటర్లో ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండు చప్పట్ల గీతలూ ఒకదాని కింద ఒకటి జరిపితే సరిపోతుంది. ఆడాసిటీ ఉచితం.

నా సంగతి వేరు. నేను కుదురుగా కూర్చోగలను కాబట్టి నాకు డైనమిక్ మైకు, అంటే దగ్గరి గొంతునే ఎక్కువగా పట్టే రకం తీసుకున్నాను, శాంసన్ క్యూ2యూ. యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ (స్టూడియో మైకుల మూడు పిన్నుల వైరు) రెండూ ఉన్నాయి దానికి. ఫైఫైన్ ఏఎం8 కూడా ఆ రకానిదే. డైనమిక్ మైకుకి నాలుగు వేళ్ల దూరంలో మాట్లాడాలి. అప్పుడు సౌండు తక్కువ పెట్టినా సరిపోతుంది, కుక్కరు కూత దాదాపు తెలీదు.

చాలామంది డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే. ఇద్దరున్నాం కదా అని రెండు యూఎస్‌బీ మైకులు కొంటారు. ఆడాసిటీ ఒకసారికి ఒక పరికరం నుంచే రికార్డు చేస్తుంది. ఇద్దరికీ ఎదురెదురుగా మంచి మైకులు కావాలంటే రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ మైకులు, రెండు మైకులు పట్టే ఇంటర్‌ఫేస్ (మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) ఉండాలి. బెరింగర్ యూఎం2, ఫోకస్‌రైట్ సోలో చూడ్డానికి రెండు రంధ్రాలతో ఉంటాయి, కానీ మైకు పట్టేది ఒక్కటే, రెండోది గిటార్ లాంటి వాటికి. ఇద్దరికైతే బెరింగర్ యూఎంసీ202హెచ్‌డీ గానీ, ఫోకస్‌రైట్ 2ఐ2 గానీ. వాటి మీద 48 వోల్టుల బటన్ కండెన్సర్ మైకులకి కరెంటు ఇవ్వడం కోసం, డైనమిక్‌కి నొక్కక్కర్లేదు. పెద్ద పాడ్‌కాస్టుల్లో కనిపించే ష్యూర్ ఎస్‌ఎం7బీ మీద మనసు పడకండి. దాని ఖరీదు ఒక ఎత్తు, దానికి 60 డెసిబెల్స్ దాకా గెయిన్ ఇవ్వగల, అంటే గొంతుని అంత పెంచగల ఇంటర్‌ఫేస్ ఖరీదు ఇంకో ఎత్తు.

గదికి పైసా ఖర్చు లేదు. మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టండి. గంట కొట్టినట్టు మోగితే ఆ గది వద్దు. పరుపు, కర్టెన్లు ఉన్న పడకగది మేలు. బీరువా తలుపులు తెరిచి బట్టల వైపు తిరిగి మాట్లాడండి, టేబుల్ మీద బొంత పరవండి. ఫ్యాను ఆపాలి. రాజమండ్రిలో మే నెలలో అది మాటలు కాదు కాబట్టి మేము తెల్లవారుజామున 5 గంటలకి 20 నిమిషాల చొప్పున చేస్తాం. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేయండి, సన్నటి గీ శబ్దం చాలాసార్లు దానిదే.

అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని "పప్పు, బెల్లం, భోగిపళ్లు" అనండి. తగిలే గాలే మైకులో ఢబ్ ఢబ్ అని పేలేది. మైకుని నోటికి సూటిగా కాక కాస్త పక్కకి పెడితే సగం పోతుంది. మిగతా సగానికి పాప్ ఫిల్టర్, అంటే మైకు ముందు పెట్టి గాలిని ఆపే తెర, చౌకగా దొరుకుతుంది. నేను ఎంబ్రాయిడరీ రింగుకి పల్చటి నైలాన్ మేజోడు లాగి బిగించాను.

రికార్డు చేసేటప్పుడు తెర మీద కనిపించే సౌండు గీత ఎక్కువగా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, నవ్వినప్పుడు మైనస్ 6 దాటకూడదు. వినడానికి వైరున్న మామూలు ఇయర్‌ఫోన్లు చాలు, బ్లూటూత్‌వి ఆలస్యంగా వినిపిస్తాయి. మొదట 10 సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది శబ్దం ఒక్కటే రికార్డు చేయండి, ఆడాసిటీలో నాయిస్ తగ్గించడానికి అదే నమూనా. 12 డెసిబెల్స్ కంటే ఎక్కువ తగ్గిస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది. నా మొదటి మూడు ఎపిసోడ్లూ అలాగే ఉంటాయి, తీసేయలేదు.

నా డైనమిక్ మైకు రాగానే అత్తయ్య ముందు కూడా పెట్టి చూశాను. అప్పడాల కర్ర ముందు మాట్లాడినట్టుందన్నారు. ఆవిడది ఇప్పటికీ కాలర్ మైకే. ఒక్కోసారి కథ మధ్యలో పొయ్యి మీద పాలు గుర్తొచ్చి అలాగే లేచి వెళ్లిపోతారు. 6 మీటర్లు కదా, వంటింటి గడప దాకా వస్తుంది.