దోమల బ్యాట్ విప్పే ముందు

వానలు మొదలైతే కడపలో, ముఖ్యంగా బుగ్గవంక వాగు పక్క వీధుల్లో, పొద్దుగూకినాక తలుపు తీసి కూర్చోలేం. అప్పుడు సజ్జ మీద పడేసిన దోమల బ్యాట్ గుర్తొస్తుంది. ఎండాకాలమంతా ఛార్జింగ్ లేకుండా పడి ఉంటుంది కదా, బటన్ నొక్కితే ఉలకదు, పలకదు. ఏముందిలే, నాలుగు స్క్రూలేగా అని విప్పుతాం. నేనూ విప్పుతాను, అందులో తప్పేమీ లేదు. విప్పే వరసలోనే ఉంది అంతా.

పోయినేడు మా బామ్మర్ది ఆ వరస తప్పాడు. ప్లగ్గు పీకేశాడు, స్విచ్ ఆఫ్ చేశాడు. అంతవరకూ బాగానే ఉంది. పిడి తెరిచి, లోపల ఊడిన వైరేదో చూద్దామని రెండు వైర్లూ కలిపి పట్టుకున్నాడు. టప్పుమంది. ఆ దెబ్బకు చెయ్యి వెనక్కి ఎగిరి, పక్కన వేడెక్కుతున్న సోల్డరింగ్ ఐరన్‌కు తగిలింది. అది వచ్చి తొడ మీద పడింది. "ఆఫ్‌లోనే ఉందే బావా!" అంటాడు, లుంగీకి పడిన బొక్క చూసుకుంటూ. షాక్ క్షణంలో పోయింది, తొడ మీద మచ్చ మాత్రం ఇప్పటికీ ఉంది.

ఆఫ్‌లో ఉన్నది ఎట్లా కొట్టిందంటే, బ్యాట్‌లో బ్యాటరీ ఉండేది మహా అయితే నాలుగు వోల్టులు. దాన్ని ఒక చిన్న సర్క్యూట్ వెయ్యి నుంచి మూడు వేల వోల్టుల దాకా పెంచి కండెన్సర్‌లో, అంటే కరెంటు నిలవ ఉంచే భాగంలో, నింపి పెడుతుంది. బటన్ వదిలేస్తే కొత్తగా నిండడం ఆగుతుంది గానీ, నిండింది ఎక్కడికీ పోదు. మంచి రకాల్లో దాన్ని మెల్లగా ఖాళీ చేసే రెసిస్టర్ ఒకటి ఉంటుంది, చవక రకాల్లో ఉంటుందన్న నమ్మకం లేదు.

ఇంకో సంగతి. బ్యాట్‌కు మూడు జాలీలు ఉంటాయి. బయటి రెండూ ఒకే వైరుకు కలిసి ఉంటాయి, మధ్యదానికి వేరే వైరు. పైన వేలు తగిలినా మామూలుగా షాక్ కొట్టనిది అందుకే, వేలు మధ్య జాలీ దాకా పోదు. పిడి విప్పితే ఆ రెండు వైర్లూ వేలెడు దూరంలో పక్కపక్కనే కనిపిస్తాయి. ఇక అడ్డమేదీ లేదు. అంటే విప్పిన బ్యాట్ మూసిన బ్యాట్ కన్నా ప్రమాదం.

కాబట్టి స్క్రూ ముట్టుకోక ముందే కండెన్సర్ ఖాళీ చేయాలి. ప్లగ్గు పీకి, స్విచ్ ఆఫ్ చేసి, ఐదు నిమిషాలు పక్కన పెట్టండి. తర్వాత ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌ను జాలీ సందులోంచి దూర్చి, మధ్య జాలీకీ బయటి జాలీకీ ఒకేసారి తగిలించండి. చిటుక్కుమని నిప్పురవ్వ వస్తుంది. రాకపోయినా రెండు మూడుసార్లు తగిలించండి, జాలీ వైరు లోపలే తెగి ఉంటే ఇక్కడ రవ్వ రాదు, కరెంటు మాత్రం లోపల అట్లాగే ఉంటుంది. అందుకని పిడి తెరిచాక, చెయ్యి పెట్టక ముందు, బోర్డు మీద ఆ రెండు వైర్లు అతికిన చోట మరోసారి ఇదే పని చేయాలి. ఆ తర్వాత బ్యాటరీ వైరు ఒకటి ఊడదీయండి. ఊడదీసిన కొనకు టేపు చుట్టండి.

టెస్టర్ వెలగలేదు కదా అని ధైర్యం చేయొద్దు. కండెన్సర్‌లో నిలిచిన కరెంటును గోడ సాకెట్ చూసే టెస్టర్ చెప్పలేదు. మల్టీమీటర్ ఉందని జాలీకి పెట్టకండి, ఇళ్లలో ఉండేవి చాలావరకు వెయ్యి వోల్టులు దాటితే తట్టుకోవు.

ప్లగ్గు సంగతి ఇంకా ముఖ్యం. చవక బ్యాట్లలో ఛార్జింగ్‌కు ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. గోడలోని 230 వోల్టులను ఒక కండెన్సర్, నాలుగు డయోడ్ల గుండా బ్యాటరీకి పంపుతారు. దాంతో ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ లోపలున్న ప్రతి వైరూ, చివరికి బ్యాటరీ కూడా, మెయిన్ లైనుతో సమానం. జాలీ షాక్ ఉలిక్కిపడేలా చేస్తుంది, ఈ మెయిన్ లైను షాక్ మనిషి ప్రాణమే తీసేస్తుంది. తెరిచి పెట్టి "ఛార్జింగ్ ఎక్కుతోందా" అని చూసే అలవాటు మాని తీరాలి. పీకిన వెంటనే ప్లగ్గు పిన్నులు పట్టుకున్నా ఒక్కోసారి జిల్లుమంటుంది, కారణం ఆ కండెన్సరే.

పొడి చెప్పులు, పొడి చేతులు, పొడి నేల, పిల్లలు పక్క గదిలో. ఇవి అందరికీ తెలిసినవే. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పనికి దిగొద్దు.

చాలాసార్లు పోయేది బ్యాటరీయే. సీసం రకం బ్యాటరీని నెలల తరబడి ఛార్జింగ్ లేకుండా ఉంచితే లోపలి పలకలు గట్టిపడి పనికిరాకుండా పోతాయి. కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకుని పోయి అదే రకం, అదే వోల్టు అడగండి. సీసం రకం ఉన్న చోట లిథియం పెట్టకండి. దానికి ఛార్జింగ్ పద్ధతే వేరు, ఎక్కువ ఎక్కితే మంటలు లేస్తాయి. లిథియం ఉబ్బి ఉంటే నొక్కడం, గుచ్చడం వద్దు. పాత బ్యాటరీ మీద తెల్లపొడి ఉంటే ఉత్త చేత్తో తుడవకండి, అదే చేత్తో కళ్లు నలపకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకూడదు, కొత్తది కొన్న షాపులోనే ఇచ్చేయండి.

జాలీలో ఇరుక్కున్న దోమలను ఎండిన బ్రష్‌తో దులపండి. స్పిరిట్‌తో తుడిచి వెంటనే బటన్ నొక్కితే ఆ రవ్వకే అంటుకుంటుంది. దోమల స్ప్రే కొట్టిన గదిలోనూ అంతే.

మూసేటప్పుడు ఏ స్క్రూ ఏ బొక్కలోదో చూసుకుని బిగించండి. పొడవుది పొట్టిదాని చోట బిగిస్తే పోయి కొత్త బ్యాటరీకే గుచ్చుకుంటుంది.