బురదలో మునిగిన ఏటీవీ: స్టార్టర్ జోలికి వెళ్లకముందే చేయాల్సిన పనులు

వానలు మొదలైతే వికారాబాద్, అనంతగిరి వైపు తిరిగే ఏటీవీలు, అంటే రోడ్డు లేని చోట నడిపే నాలుగు చక్రాల బళ్లు, మా షెడ్డుకు వరుసగా వస్తాయి. వాటిలో చాలా బళ్ల ఇంజన్లు గుంటలో ఉన్నంతసేపూ బాగానే ఉంటాయి. గట్టుకు లాగాక "ఆడుతుందో లేదో చూద్దామని ఒక్కసారి నొక్కాం అన్నా" అంటారే, అప్పుడు పోతాయి. గాలిని పిస్టన్ అణచగలదు, నీటిని అణచలేదు. సిలిండర్‌లో నీళ్లు ఉండగా పిస్టన్ పైకి లేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అందుకే తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి బండిని నెట్టుకురండి.

ముందు సీటు తీసి ఎయిర్ బాక్సు మూత తెరవండి. ఫిల్టర్ దాటి ఇంజన్ వైపు గొట్టంలో వేలు తిప్పి చూడండి. పొడిగా, శుభ్రంగా ఉంటే ఇంజన్ నీళ్లు తాగలేదనే ధైర్యం చాలావరకు తెచ్చుకోవచ్చు. అక్కడ తడి, మట్టి తగిలితే మాత్రం పని పెద్దదే. కాగితం ఫిల్టర్ అయితే పారేయండి. స్పాంజి ఫిల్టర్ అయితే కిరోసిన్‌లో, ఆపైన సబ్బు నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాక ఫిల్టర్ ఆయిల్ పట్టించండి.

తర్వాత ఇంజన్ ఆయిల్. ఈ పనికి తొందర పనికిరాదు. బండి కదలకుండా కొంతసేపు నిలబడి ఉంటే నీరు బరువు కనుక ఆయిల్ అడుగుకు చేరుతుంది. డ్రెయిన్ బోల్టును పూర్తిగా లాగేయకుండా నెమ్మదిగా వదులు చేయండి. మొదట బురద నీళ్లు సన్నగా జారి, వాటి వెనక నల్లటి ఆయిల్ వస్తే మీ అదృష్టం బాగున్నట్టే: ఇంకా రెండూ కలవలేదు. మొదటి నుంచీ చిక్కటి పాల టీ రంగులో దిగితే ఇంజన్ తిరిగి, నీళ్లు ఆయిల్‌లో చిలికినట్టు కలిసిపోయాయని అర్థం. ఫిల్టర్ మార్చి, సరైన గ్రేడు మామూలు మినరల్ ఆయిల్ పోయండి. లోపల కడగడానికి డీజిల్ ఒక్కటే పోసి ఇంజన్ తిప్పే అలవాటు కొందరికి ఉంది, నేను ఒప్పుకోను. అంత పలుచటి డీజిల్ బేరింగులను కాపాడలేదు. క్లచ్ ఆయిల్‌లోనే తిరిగే బండికి కారు ఆయిల్ కూడా వద్దు, జాసో ఎంఏ (ఆయిల్‌లో తిరిగే క్లచ్‌కు సరిపడే ఆయిల్ అని డబ్బా మీద ఉండే గుర్తు) రకమే వాడండి.

ఇప్పుడు స్పార్క్ ప్లగ్గు. విప్పేముందు దాని చుట్టూ ఉన్న మట్టిని గాలి కొట్టి పోగొట్టండి, లేకపోతే అదంతా సిలిండర్‌లో పడుతుంది. ప్లగ్గు తీశాక, కార్బురేటర్ లేని ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే పెట్రోలు పంపు ఫ్యూజు పీకేయండి. ప్లగ్గును దాని క్యాపులోనే ఉంచి, రంధ్రానికి దూరంగా ఇంజన్ లోహానికి ఆనించండి. బ్యాటరీ తగిలించి, రంధ్రం మీద గుడ్డ కప్పి, ముఖం పక్కకు పెట్టుకుని స్టార్టర్ కొద్దికొద్దిగా కొట్టండి. నీటి తుంపర ఆగేదాకా ఇదే పని.

ట్యాంకు ఖాళీ చేయండి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, అది నీటిని పట్టుకుని అడుగుకు దిగుతుంది. పైపైన వంపి మిగతాది వాడుకుందామనుకోవద్దు. కార్బురేటర్ ఉంటే గిన్నె అడుగు స్క్రూ వదిలి దాన్నీ ఖాళీ చేయండి. అన్నీ బిగించాక ఇంజన్‌ను ఐడిల్‌లో కొన్ని నిమిషాలు ఆడించి, ఆయిల్ మళ్లీ దింపండి. తెల్లదనం పూర్తిగా పోయేవరకు మార్చాల్సిందే. చివరిసారి కొత్త ఫిల్టర్‌తో మంచి ఆయిల్ పోయండి.

ఇంజన్ పలికింది కదా అని చాలామంది ఇక్కడే ఆపేస్తారు. నాకు అసలు బాధ ఇక్కడే. వేడెక్కిన డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, దానికి గాలి ఆడే బ్రీదర్ గొట్టం గుండానో సీలు గుండానో నీటిని లోపలికి పీలుస్తుంది. బయటికి ఏమీ కనిపించదు. కొన్నాళ్లకు బేరింగు అరుస్తుంది. ముందు, వెనక గేర్ కేసులు రెండింటి ఆయిలూ దింపి చూడండి. పోలారిస్ బళ్ల ముందు గేర్ కేసుకు దాని సొంత ఫ్లూయిడ్ ఉంటుంది, అందులో మామూలు గేర్ ఆయిల్ పోయకండి. బ్రీదర్ గొట్టం చివర హ్యాండిల్ దాకా ఎత్తి కట్టుకుంటే వచ్చే వానకు నిశ్చింత.

బెల్టుతో నడిచే బండి అయితే బెల్టు పెట్టె మూత విప్పి, ఇసుక లేకుండా మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టండి. బెల్టుకు నూనె చుక్క కూడా తగలకూడదు. రేడియేటర్‌ను ఇంజన్ వైపు నుంచి ముందుకు, మామూలు పైపు నీళ్లతోనే కడగాలి. ప్రెషర్ గన్ దగ్గర పెడితే రేకులు మడుచుకుపోతాయి, బేరింగుల సీళ్లలోకి నీళ్లు దూరతాయి. రేగడి మట్టి ఎండితే గట్టిపడుతుంది కనుక కడగడం అదే రోజు జరగాలి. కరెంటు కనెక్టర్లు ఒక్కొక్కటీ ఊడదీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరబెట్టండి. మురికి నీళ్లు బయటికి పోయి కొత్త గ్రీజు కనపడేదాకా గ్రీజు నిప్పుల్స్‌లోకి పంపు కొట్టండి.

చక్రాలు పైకెత్తి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. ఆట ఉంటే బేరింగు మార్చాలి. డ్రమ్ము బ్రేకులు విప్పి మట్టి తీయండి, డిస్కు ప్యాడ్ల మధ్య గులకరాళ్లు ఉన్నాయేమో చూడండి. చదునైన చోట నెమ్మదిగా నడిపి, బ్రేకు పట్టే తీరు సరిచూసుకుని, వచ్చాక ఆయిల్ మరోసారి చూడండి. మళ్లీ తెల్లబడిందంటే నీరు ఇంకా లోపల ఉందన్నమాట. ఆ బండిని కిరాయికి పంపకుండా ఇంకోసారి ఆయిల్ మార్చండి.