బండి డ్రెయిన్ బోల్టు థ్రెడ్ పోయిందా? పెద్ద బోల్టు కొట్టించకుండా బాగు చేయడం ఎలా?

ఆయిల్ మార్చి కింద డ్రెయిన్ బోల్టు బిగిస్తుంటే అది ఎంతకీ బిగుసుకోకుండా ఊరికే తిరుగుతోందంటే లోపల థ్రెడ్ (మరలు) పోయినట్టే. బోల్టు ఉక్కు, ఇంజిన్ కేసు అల్యూమినియం. అతిగా బిగిస్తే చెడేది కేసే. 12 ఎం.ఎం. బోల్టుకి కావలసిన టార్క్ (తిప్పే బలం) సుమారు 2.5 నుంచి 3 కేజీ-మీటర్లు. అంటే 20 సెంటీమీటర్ల స్పానర్‌ని చివర పట్టుకుని 12, 15 కిలోల బలంతో లాగితే చాలు. మన శ్రీకాకుళం షెడ్డుల్లో చాలాచోట్ల స్పానర్‌కి పైపు తొడిగి, "ఏటీ అవదు బాబూ, ఇంకో పట్టు పట్టేద్దుం" అంటారు. అలా నాలుగైదు సర్వీసులు అయ్యేసరికి కేసు చేతులెత్తేస్తుంది.

ఆ తర్వాత చేసే వైద్యం ఇంకా ఘోరం. టెఫ్లాన్ టేపు చుడతారు, ఎం-సీల్ ముద్ద పెడతారు. ఆయిల్‌ని ఆపేది థ్రెడ్ కాదు, బోల్టు తల కింద ఉండే వాషర్. ఆ వాషర్‌ని గట్టిగా నొక్కి ఉంచడమే థ్రెడ్ పని. నొక్కే బలమే లేనప్పుడు టేపు చుట్టి ఏం లాభం? రణస్థలం దగ్గర హైవే మీద బోల్టు రాలిపోయిందంటే, మీరు చూసుకునేలోపే ఇంజిన్ పట్టేస్తుంది.

కాస్త తెలిసినవాళ్లు రంధ్రాన్ని 14 ఎం.ఎం.కి పెంచి పెద్ద బోల్టు కొడతారు. పని జరుగుతుంది, కాదనను. కానీ మళ్లీ అదే ఉక్కు, అదే అల్యూమినియం, ప్రతి ఆయిల్ మార్పుకీ అదే రాపిడి. దీనికి బదులు హెలికాయిల్ అనే మరల చుట్ట వేసినా రంధ్రం దాదాపు అంతే పెద్దదవుతుంది. అయితే అందులో కూర్చునేది స్టీలు తీగ చుట్ట. అల్యూమినియం మీద ఇక ఏదీ తిరగదు, బోల్టు తిరిగేది స్టీలులోనే. పైగా కంపెనీ బోల్టే మళ్లీ పడుతుంది. కాబట్టి హెలికాయిలే వేయాలి.

ముందు బోల్టు చూడండి. దాని మరల్లో వెండిరంగు తీగలా అల్యూమినియం చుట్టుకుని ఉంటే పోయింది కేసు థ్రెడ్. బోల్టు మరలే అరిగి ఉంటే కొత్త బోల్టు తెచ్చి చేత్తో తిప్పి చూడండి, దానితోనే పని అయిపోవచ్చు.

కావలసినవి: మీ బోల్టు సైజుకి సరిపడే హెలికాయిల్ కిట్టు, ట్యాప్ (రంధ్రంలో మరలు కోసే సాధనం) తిప్పే హ్యాండిల్, గ్రీజు, సన్న ముక్కు పట్టకారు, కొత్త వాషర్, లోపల కడగడానికి అర లీటరు చవక ఆయిల్. హోండా ఇంజిన్ల తరహా 100 సి.సి. బళ్లలో ఎక్కువగా 12 x 1.5 (12 ఎం.ఎం. లావు, మరకీ మరకీ మధ్య 1.5 ఎం.ఎం.) ఉంటుంది, అయినా కొలవకుండా కొనకండి. కిట్టులో వచ్చే ట్యాప్ మామూలు 12 ఎం.ఎం. ట్యాప్ కాదు, చుట్ట మందం కలుపుకుని దాదాపు 14 ఎం.ఎం. ఉంటుంది. ఊళ్లో దొరక్కపోతే విశాఖ నుంచి తెప్పించుకోండి.

ఆయిల్ పూర్తిగా దించేయండి. బండిని మెయిన్ స్టాండ్ మీదే ఉంచి, స్టాండు కింద చెక్క వేసి, హ్యాండిల్‌ని కిటికీ ఊచకి తాడుతో కట్టండి. కొందరు బండిని పక్కకి పడుకోబెడతారు. వద్దు. రంధ్రం నేలవైపు ఉంటేనే కోసిన అల్యూమినియం పొట్టు కిందకి రాలుతుంది. సైలెన్సర్ బెండు అడ్డొస్తే విప్పేయండి.

డ్రిల్లు వేయడం సులువే. కిట్టు మీద రాసిన సైజు బిట్టు, 12 x 1.5కి సుమారు 12.4 ఎం.ఎం., నిదానంగా తిప్పండి. అల్యూమినియం బిట్టుని లాగేసుకుంటుంది, కాబట్టి బిట్టు మీద లోతుకి గుర్తుగా టేపు చుట్టండి.

అసలు కష్టం ట్యాప్ దగ్గర.

ట్యాప్ నిటారుగా వెళ్లాలి. రెండు డిగ్రీలు వాలినా బోల్టు తల ఒక అంచునే ఆనుతుంది, రెండో అంచు దగ్గర సందు ఉండిపోతుంది. ఎన్ని వాషర్లు మార్చినా ఆ సందులోంచి చుక్క చుక్క కారుతూనే ఉంటుంది. వంకరగా పోయిందని తీసి మళ్లీ నిటారుగా పెడదామంటే కుదరదు. ట్యాప్ పాత గాడిలోకే పోతుంది, లేదంటే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. అప్పుడు ఇంజిన్ విప్పి కేసుకి ఆర్గాన్ వెల్డింగ్ చేయించడమే గతి.

కంటి అంచనా నమ్మకండి. బండి కింద పడుకుని చూసేవాడికి వంకర కూడా నిటారుగానే కనిపిస్తుంది. నేను చెప్పేది ఒకటే: పాతిక ఎం.ఎం. మందం ఇనుప ముక్కలో 14 ఎం.ఎం. రంధ్రం లేత్ మీద నిటారుగా వేయించుకోండి. రాజాంలోనో బొబ్బిలిలోనో ఏ లేత్ షాపులో అడిగినా చేసిస్తారు. వాషర్ కూర్చునే చదును ముఖానికి ఆ ముక్కని ఆనించి పట్టుకుని, దాని రంధ్రంలోంచి ట్యాప్ పంపండి. ట్యాప్ ఇక పక్కకి వాలలేదు. అది కుదరకపోతే వడ్రంగి వాడే చిన్న మూలమట్టం ఆనించి, ప్రతి అర చుట్టుకీ రెండు వైపుల నుంచీ చూసుకోండి.

ట్యాప్ గాడుల్లో గ్రీజు దట్టంగా కూరండి, పొట్టు దానికి అంటుకుని బయటికి వస్తుంది. మొదటి రెండు చుట్లూ పైకి నెడుతూ తిప్పండి. ఆ తర్వాత నెట్టొద్దు, ట్యాప్ తనే పోతుంది. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. బిగుసుకున్నట్టు అనిపిస్తే బలం పెట్టకుండా మొత్తం తీసి, తుడిచి, మళ్లీ గ్రీజు పెట్టండి. ట్యాప్ లోపల విరిగితే దాన్ని తీయడం ఈ పని మొత్తం కంటే కష్టం. ఫోన్ మాట్లాడుతూ చేసే పని కాదిది.

రంధ్రం బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆరనివ్వండి. చుట్టని కిట్టులోని సాధనానికి తగిలించి కుడివైపు తిప్పుతూ ఎక్కించండి. వాషర్ ముఖం కంటే అర చుట్టు లోపలికి వెళ్లాక ఆపండి. బయటికి పొడుచుకువస్తే వాషర్ కూర్చోదు. వెనక్కి తిప్పితే చుట్ట పాడవుతుంది. చుట్ట చివర అడ్డంగా ఉన్న కొక్కేన్ని పట్టకారుతో పట్టుకుని అటూ ఇటూ వంచి విరిచి తీయండి. పంచ్‌తో కొడితే అది ఇంజిన్‌లో పడుతుంది. అయస్కాంతంతో తీద్దామనుకుంటారేమో, స్టెయిన్‌లెస్ తీగని అది సరిగా పట్టదు.

బోల్టు పెట్టకుండానే చవక ఆయిల్ పైనుంచి పోసి కిందికి వదలండి. పొట్టు రావడం ఆగేదాకా, బట్టలో వడకట్టి మళ్లీ పోయండి. ఈలోగా ఎవరైనా కిక్కు కొడితే ఊరుకోకండి.

ఇక కొత్త వాషర్, పాత బోల్టు. చేత్తో చివరిదాకా తిరగాలి, ఆ తర్వాతే స్పానర్. పైపు పక్కన పడేయండి. 900 ఎం.ఎల్. బాటిల్ ఉంది కదా అని మొత్తం పోసేయకండి, మాన్యువల్‌లో రాసినంతే పోయండి. మూడు నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఆపాక, కాసేపాగి డిప్‌స్టిక్ చూడండి. ఈ బళ్లలో దాన్ని బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. రాత్రికి బండి కింద అట్టముక్క పరిచి, తెల్లారి మరక ఉందేమో చూసుకోండి. ఉంటే వాషర్ మార్చండి, ఇంకో పట్టు మాత్రం పట్టకండి.