సీ ప్రోగ్రాంలో చిన్న వెబ్ సర్వర్: మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

అనంతపురం పక్కన చీనీ తోటలో డ్రిప్ మోటారు ఆడుతోందో లేదో ఫోన్‌లో చూడాలి. దానికోసం బోర్డులోని (చిన్న లినక్స్ కంప్యూటర్) సీ ప్రోగ్రాంకు లిబ్‌మైక్రోహెచ్‌టీటీపీడీ (ప్రోగ్రాంలోనే వెబ్ సర్వర్ నడిపే లైబ్రరీ) కలిపే ముందు:

– పోర్ట్ 8080 పెట్టండి. లినక్స్‌లో 1024 కన్నా తక్కువ పోర్టులకు మామూలుగా రూట్ (అడ్మిన్) అనుమతి కావాలి.

– అసలు టెన్షన్ మెమరీ దగ్గరే. లోకల్ బఫర్‌ను (ఫంక్షన్ లోపలి తాత్కాలిక మెమరీ) రెస్పాన్స్‌కు, అంటే ఫోన్‌కు పంపే జవాబుకు ఇస్తూ ‘పర్సిస్టెంట్’ (ఈ మెమరీ ఎప్పటికీ ఉంటుంది) అనకండి, ఫంక్షన్ ముగిశాక అందులో చెత్తే మిగులుతుంది. ‘మస్ట్ కాపీ’ వాడండి, లైబ్రరీ తన కాపీ తీసుకుంటుంది. మాలోక్‌తో మీరే అడిగి తీసుకున్న మెమరీ అయితే ‘మస్ట్ ఫ్రీ’, పని అయ్యాక లైబ్రరీయే దాన్ని విడుదల చేస్తుంది. రెస్పాన్స్‌ను క్యూలో పెట్టిన వెంటనే దాని డిస్ట్రాయ్ ఫంక్షన్ పిలవండి. పంపడం అయ్యేదాకా లైబ్రరీ దాన్ని ఉంచుకుంటుంది, భయం లేదు.

– పోస్ట్ డేటా (ఫోన్ నుంచి సర్వర్‌కు పంపేది) ముక్కలుగా వస్తుంది. ప్రతి ముక్కా చదివాక, లైబ్రరీ ఇచ్చిన డేటా సైజును సున్నా చేయండి.

– థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు) ఎక్కువైతే, అవి పంచుకునే డేటాకు మ్యూటెక్స్ (ఒకసారికి ఒకరినే అనుమతించే తాళం) పెట్టండి.

– పాస్‌వర్డ్ లేకుండా మోటారు ఆన్ చేసే లింకు వద్దే వద్దు. అసలే బోర్లలో నీళ్లు తక్కువ.