ఎస్‌పీఎస్‌ఎస్‌లో డేటా ఎక్కించే ముందు జాగ్రత్తలు

ఉద్దానం కొబ్బరితోటల్లో తిరిగి కిడ్నీ సర్వే ఫారాలు నింపుకొచ్చారా? ఆగండి. వాటిని ఎస్‌పీఎస్‌ఎస్ (సర్వే లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్)లో ఎక్కించే ముందు ఇవి చూసుకోండి.

– పేర్లు, ఫోన్ నంబర్లు ఎక్కించొద్దు. ఫారానికో నంబరు చాలు.

– ముందు వేరియబుల్ వ్యూ (ఒక్కో ప్రశ్నకు, అంటే వేరియబుల్‌కు, పేరూ వివరాలూ రాసే పేజీ) నింపండి. వేరియబుల్ పేరులో ఖాళీ ఉండకూడదు, అంకెతో మొదలవకూడదు. 1 అంటే మగ, 2 అంటే ఆడ అని లేబుల్స్‌లో అప్పుడే రాసేయండి; నెల పోతే మీకే గుర్తుండదు.

– వయసు తెలియనిచోట సున్నా వద్దు. నేను 99 కొట్టి, అది మిస్సింగ్ (జవాబు లేదు) అని సాఫ్ట్‌వేర్‌కు చెప్పడం మరిచాను. కవిటి ఊళ్లన్నీ ఒక్క రాత్రిలో ముసలివైపోయాయి! అసలు 99 ఏళ్ల అవ్వ నిజంగానే ఉండొచ్చు కదా, 999 పెట్టుకోండి.

– క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.2 కాస్తా 12 అయిందేమో, ఫ్రీక్వెన్సీస్ (ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో చూపే పట్టిక) తీసి చూడండి. అనుమానమొస్తే కాగితం ఫారం తిరగేయాల్సిందే.

– అసలు ఫైలు ముట్టుకోవద్దు, కాపీ మీదే పని.

– లైసెన్సు కొనలేరా? ఇలాంటిదే ఆర్ (R) అనే సాఫ్ట్‌వేర్ ఉచితం.