బీజింగ్ గల్లీలు చదవడం – 3వ పాఠం: గుమ్మం ముందు ఐదు నిమిషాలు

రెండో పాఠంలో గల్లీ వెడల్పు కొలిచాం. 1267లో మంగోల్ చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ దాదూ నగరం (నేటి బీజింగ్) కట్టించడం మొదలుపెట్టాక పెద్ద వీధికి 24 బూలు, చిన్న వీధికి 12, హుటొంగ్‌కు, అంటే గల్లీకి, 6 అని లెక్క పెట్టారు. బూ అంటే సుమారు మీటరున్నర. ఈ పాఠంలో వీధిని వదిలి గుమ్మం దగ్గర ఆగుదాం.

సాధనకు నాన్‌లువోగూషియాంగ్ పేట చాలు. 6, 8 నంబర్ల మెట్రో లైన్లు రెండూ అక్కడ ఆగుతాయి. పేటకు నడుమ దక్షిణం నుంచి ఉత్తరానికి 786 మీటర్ల సందు, దానికి తూర్పున 8 హుటొంగ్‌లు, పడమట 8. నడిమి సందంతా తినుబండారాలు, బొమ్మల దుకాణాలే, అక్కడ నేర్చుకునేది తక్కువ. స్టేషన్ వైపు నుంచి ఉత్తరానికి నడుస్తూ ఎడమ చేతి వైపు నాలుగో హుటొంగ్‌లోకి తిరగండి. అది మావోర్ హుటొంగ్.

ఇక్కడి పాత ఇల్లు సిహెయువాన్. మన మండువా లోగిలి గుర్తొస్తుంది కానీ తేడా ఉంది. మండువాలో నాలుగు వైపుల కప్పూ కలిసిపోయి నడుమ వాన నీళ్లు పడతాయి. సిహెయువాన్‌లో నాలుగు వైపులా నాలుగు విడి ఇళ్లు, మధ్యలో పైకప్పు లేని వాకిలి. హుటొంగ్‌కు ఉత్తరాన ఉన్న ఇంటికి వీధి గుమ్మం నడిమధ్యన కాక ఆగ్నేయ మూలన ఉంటుంది. దక్షిణ ముఖం ఇంటికి దక్షిణ ఆగ్నేయంలో ద్వారం మంచిదనే మన వాస్తువాళ్లకు ఇందులో వింతేమీ తోచదు. హుటొంగ్‌కు దక్షిణాన ఉన్న ఇళ్లకు మామూలుగా గుమ్మం వాయవ్య మూలన వస్తుంది. ఏ వైపు నిలబడ్డారో ముందు తేల్చుకోకపోతే ఇంటి పటం మొత్తం తలకిందులుగా గీస్తారు.

ఇప్పుడు గుమ్మానికి ఎదురుగా నిలబడండి. శిల్పాలు, రంగులు తర్వాత. మొదట చూడాల్సింది తలుపు ఎంత లోపలికి ఉందన్నది. వీధి గుమ్మం ఒక చిన్న గది లాంటిది, దానికి సొంత పెంకు కప్పు ఉంటుంది. తలుపు సరిగ్గా కప్పు వెన్నుదూలం కింద ఉంటే, అంటే గదిలో సగం బయటికే మిగిలితే, అది గ్వాంగ్‌లియాంగ్ గుమ్మం. పదవి ఉన్న అధికారి ఇల్లన్నమాట. తలుపు ఒక స్తంభం వరస ముందుకు జరిగితే జిన్‌జూ. ఇదీ అధికారులదే, అయితే ఒక మెట్టు కింద. చూరు కింది స్తంభాల దాకా వచ్చేస్తే మాన్‌జీ, డబ్బున్నా పదవి లేనివాళ్ల గుమ్మం. చూరు కింద ఇటుక గోడ కట్టి మధ్యలో ఇరుకైన తలుపు పెడితే రుయీ.

ఎక్కువమంది బోల్తా పడేది రుయీ దగ్గరే. ఇరుకుగా ఉంది కదా, పేదిల్లు అనుకుంటారు. తలుపు పైన ఇటుకల మీది చెక్కడం చూడండి. తలుపు ఎక్కడ ఉండాలన్నది హోదా నిర్ణయించేది, ఇటుక చెక్కడానికి మాత్రం ఆ అడ్డు లేదు. అందుకే వర్తకుల డబ్బు అక్కడ కనిపిస్తుంది. పెద్ద గుమ్మం ఉన్న ఇంటిని పదవి లేని కుటుంబం కొంటే, చూరు కింద గోడ కట్టి దాన్ని రుయీగా మార్చుకోవడమూ ఉండేది.

తలుపు పైపట్టె మీద పొడుచుకొచ్చిన కొయ్య చీలలు చూడండి. వీటిని మెన్‌జాన్ అంటారు. పెద్ద గుమ్మానికి నాలుగు, చిన్నదానికి రెండు. చాలామంది వీటిని అలంకారం అనుకుంటారు. పని వేరే ఉంది: ఈ తలుపులకు బందులు ఉండవు, రెక్క పైనా కిందా ఉన్న మొనల మీద తిరుగుతుంది. పై మొన తిరిగే రంధ్రం లోపలి వైపు ఒక అడ్డపట్టెలో ఉంటుంది. ఆ అడ్డపట్టెను పైపట్టెకు బిగించి పట్టేవి ఈ చీలలే. బయటి నుంచి దూర్చి, లోపల మేకుతో బిగిస్తారు. చెక్కిన పువ్వు, రాసిన అక్షరం ఆ చీల తల మాత్రమే. మరమ్మతుల్లో తల ఒక్కటే తెచ్చి అతికించిన చోట్లు ఉన్నాయి. లోపలి వైపు చీల తోక కనబడకపోతే అనుమానించండి.

కింది మొన తిరిగేది రాతి గుంటలో. ఆ రాయి గడప కిందుగా లోపలికీ బయటికీ వస్తుంది. లోపలి సగం తలుపు బరువు మోస్తే, బయటి సగం చెక్కడానికి మిగులుతుంది. ఆ బయటి సగాన్నే అందరూ ఫొటో తీస్తారు, పేరు మెన్‌దున్. గుండ్రటి డోలు ఆకారమైతే సేనానిది, పెట్టె ఆకారమైతే పండితాధికారిది అని గైడ్లు చెబుతారు. దాన్ని పట్టుకుని ఇల్లెవరిదో తేల్చకండి. డోలు పెద్ద గుమ్మాలకు, పెట్టె చిన్నవాటికి అన్న లెక్క ఎక్కువసార్లు కుదురుతుంది. పైనున్న సింహాలకు తలలు లేకపోతే వానకు అరిగాయనుకోకండి. సాంస్కృతిక విప్లవ కాలంలో పగలగొట్టినవి చాలా ఉన్నాయి.

ఇంకో మోసం బూడిద రంగు ఇటుక. గోడంతా పాతదనిపిస్తుంది, నిజానికి చాలాచోట్ల పలుచటి ఇటుక బిళ్లలు అతికించారు. మూల దగ్గరికి వెళ్లి చూడండి. నిజమైన ఇటుక మూల తిరిగి రెండో గోడలోనూ కనిపిస్తుంది. బిళ్ల అయితే అంచు మందం బయటపడుతుంది, అతుకు గీత నిలువునా సూటిగా ఉంటుంది.

ఈ వారం అభ్యాసం: మావోర్ హుటొంగ్ ఒక చివర నుంచి మరో చివర దాకా నడిచి పది గుమ్మాలు రాసుకోండి. ఒక్కోదానికి నాలుగే గడులు: ఇంటి నంబరు, తలుపు లోతు, చీలలెన్ని, రాయి ఆకారం. 35, 37 నంబర్లు దాటిపోకండి. 1922లో చివరి చక్రవర్తి పుయీని పెళ్లాడిన వాన్‌రోంగ్ పుట్టినిల్లు అది. గుమ్మం దాటి లోపలికి వెళ్లకండి. ఈ లోగిళ్లలో చాలావాటిలో ఇప్పుడు అనేక కుటుంబాలు కాపురం ఉంటున్నాయి, లోపలికి రావద్దని గుమ్మం పక్కనే బోర్డులూ కనిపిస్తాయి. తలుపు తెరిచి ఉంటే వీధిలోంచే ఎదురుగా ఒక అడ్డగోడ కనబడుతుంది. అది ఉందో లేదో పక్కన టిక్కు పెట్టుకోండి, నాలుగో పాఠం అక్కడే మొదలవుతుంది.