చేతిలో పట్టే లైనక్స్ మెషీన్‌లో ఎమ్యులేటర్: బిల్డ్ చేసి, ఎండలో పరీక్షించి

ఆర్‌కే3326 చిప్ ఉన్న చిన్న హ్యాండ్‌హెల్డ్‌లలో, అంటే చేతిలో పట్టే గేమ్ మెషీన్లలో, రెట్రోఆర్చ్ ముందే వేసి ఇస్తారు. పాత గేమ్ మెషీన్లను అనుకరించే ఎమ్యులేటర్లను నడిపే ప్రోగ్రామ్ ఇది. అందులో ఒక్కో పాత మెషీన్‌ని అనుకరించే భాగమే కోర్. మరి కోర్‌ని మళ్లీ మనం బిల్డ్ చేయడం, అంటే సోర్స్ కోడ్ నుంచి నడిచే ఫైల్‌గా తయారుచేయడం ఎందుకంటారా? సిరొంచలో నా మొబైల్ రిపేర్ షాపుకి ఇవి పట్టుకొచ్చేవాళ్లు ఎక్కువగా చెప్పేది ఒకటే: "గేమ్ నడుస్తుంది గానీ ఏదో తేడా కొడుతుంది." ఆ తేడా కోర్‌దా, సెట్టింగ్‌దా, మెషీన్‌దా తేల్చాలంటే ఏ సోర్స్ నుంచి ఎలా తయారైందో తెలిసిన కోర్ ఒకటి చేతిలో ఉండాలి. నేను ఎఫ్‌సీఈయూఎంఎం తీసుకుంటా. ఎన్‌ఈఎస్ గేములకు, అంటే తొంభైల్లో మనం టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ గేములకు పనికొచ్చే కోర్ ఇది. సీ భాషలో ఉంది, చిన్నది, త్వరగా బిల్డ్ అవుతుంది.

హ్యాండ్‌హెల్డ్ బటన్లతో కమాండ్లు కొట్టడం నరకం. వైఫై కలిపి, ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ మీదుగా ఇంకో మెషీన్‌కి కమాండ్లు ఇచ్చే దారి) లోపలికి వెళ్లండి. సోర్స్ దించే గిట్, బిల్డ్ సాధనాలుండే బిల్డ్-ఎసెన్షియల్ ప్యాకేజీలు వేయండి. అయినా "ఎస్‌టీడీఐఓ.హెచ్ దొరకలేదు" అని కంపైలర్ (సోర్స్‌ని నడిచే ఫైల్‌గా మార్చేది) అరిస్తే భయపడకండి. కొన్ని సిస్టమ్ ఇమేజ్‌లలో జాగా కోసం, కంపైలర్‌కి కావాల్సిన హెడర్ ఫైళ్లు తీసేస్తారు, లిబ్‌సీ డెవ్ ప్యాకేజీని రీఇన్‌స్టాల్ చేస్తే తిరిగొస్తాయి. సోర్స్ దించేటప్పుడు గిట్ క్లోన్‌కి డెప్త్ 1 ఆప్షన్ ఇవ్వండి. పాత చరిత్రంతా రాదు, డేటా మిగులుతుంది. మా వైపు సిగ్నల్ వచ్చిపోతూ ఉంటుంది కాబట్టి నాకిది తప్పదు.

తర్వాత ఫోల్డర్‌లోకి వెళ్లి, బిల్డ్ నడిపే మేక్ కమాండ్‌ని మేక్‌ఫైల్.లిబ్‌రెట్రోతో నడపడమే. ర్యామ్ 1 జీబీయే అయితే ఒకేసారి రెండు జాబ్‌లు (కంపైల్ పనులు) చాలు. చివర్లో .ఎస్‌ఓ ఫైల్ ఒకటి వస్తుంది, అదే కోర్. దాన్ని రెట్రోఆర్చ్ కోర్స్ ఫోల్డర్‌లో పెట్టే ముందు పాతదాని పేరు మార్చి దాచుకోండి.

ల్యాప్‌టాప్‌లో క్రాస్ కంపైల్ చేస్తే, అంటే హ్యాండ్‌హెల్డ్‌కి కావాల్సిన ఫైల్‌ని ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేస్తే, వేగంగా అవుతుంది కదా అని కొందరు అడుగుతారు. అవుతుంది, కానీ ల్యాప్‌టాప్ వైపు జీలిబ్‌సీ (లైనక్స్ ప్రోగ్రామ్‌లు ఆధారపడే మూల లైబ్రరీ) కొత్తది, హ్యాండ్‌హెల్డ్‌లోది పాతది అయితే "జీలిబ్‌సీ 2.34 లేదు" లాంటి మెసేజ్‌తో కోర్ లోడ్ కాదు. కొత్త జీలిబ్‌సీ మీద కట్టింది పాతదాని మీద నడుస్తుందన్న గ్యారంటీ లేదు. పాతదాని మీద కట్టింది మాత్రం కొత్తదాని మీద మామూలుగా నడుస్తుంది. చిన్న కోర్‌కి ఈ తలనొప్పి దండగ, హ్యాండ్‌హెల్డ్ మీదే కానివ్వండి.

ఇక పరీక్ష. మారియో పరిగెత్తాడు కాబట్టి అంతా బాగున్నట్టే అనుకోవద్దు. ముందు నెస్‌టెస్ట్ అనే టెస్ట్ రోమ్ (ఎమ్యులేటర్‌ని పరీక్షించడానికే రాసిన గేమ్ ఫైల్ లాంటిది) పెట్టండి. స్టార్ట్ నొక్కితే సీపీయూ ఇన్‌స్ట్రక్షన్లన్నీ వరసగా పరీక్షించి, ప్రతి వరసకీ ఓకే చూపిస్తుంది. సెలెక్ట్ నొక్కితే అధికారికంగా లేని ఆప్‌కోడ్ల (సీపీయూ ఇన్‌స్ట్రక్షన్ల కోడ్లు) పేజీ వస్తుంది. దీనికి కంపెనీ గేముల కాపీలు వెతుక్కునే పని లేదు, టెస్ట్ రోమ్‌లూ, అభిమానులు సొంతంగా రాసిన హోమ్‌బ్రూ గేములూ సరిపోతాయి.

స్పీడ్ దగ్గర ఒక చిక్కుంది. అమెరికా, జపాన్ టీవీ పద్ధతైన ఎన్‌టీఎస్‌సీకి చేసిన అసలు మెషీన్ సెకనుకు సుమారు 60.1 ఫ్రేములు ఇస్తుంది. మన దేశంలో అప్పటి టీవీలు పాల్ పద్ధతివి, 50 హెర్ట్జ్. పాల్ టీవీల కోసం చేసిన క్లోన్ మెషీన్లలో అవే గేములు 50 ఫ్రేములతో నడిచేవి. అందుకే ఆ కాలంవాళ్లు "మ్యూజిక్ ఉరుకుతుంది" అంటే కోర్‌ని అనుమానించొద్దు. కోర్ ఆప్షన్లలో రీజియన్‌ని డెండీకి (అలా 50 ఫ్రేములతో నడిచిన ఒక క్లోన్ మెషీన్ పేరు) మార్చి చూపించండి. చిన్నప్పటి వేగం వినగానే మొహాలు వెలిగిపోతాయి. కానీ పరీక్ష చేసేటప్పుడు మాత్రం ఎన్‌టీఎస్‌సీలోనే ఉంచండి.

బటన్ ఆలస్యం పట్టడానికి నాకు మా మేనల్లుడు ఉన్నాడు. "మామా, నొక్కినంక ఆగి దుంకుతుండు" అన్నాడంటే అది నమ్మాల్సిన రిపోర్టే. అలాంటప్పుడు రెట్రోఆర్చ్‌లో రన్-అహెడ్‌ని ఒక ఫ్రేముకి పెట్టండి. ఎమ్యులేటర్ ఒక ఫ్రేము ముందుకు లెక్కగట్టి చూపిస్తుంది, ఆలస్యం తగ్గుతుంది. అయితే ప్రతి ఫ్రేముకీ పని దాదాపు రెట్టింపవుతుంది, చిప్ వేడెక్కుతుంది.

మే నెలలో ప్రాణహిత ఒడ్డున ఈ వేడి చిన్న విషయం కాదు. ఫ్యాన్ కింద చేసిన పరీక్ష పరీక్షే కాదంటాను నేను. మధ్యాహ్నం రేకుల కింద అరగంట గేమ్ నడవనిచ్చి, ఎస్‌ఎస్‌హెచ్‌లో రెండు ఫైళ్లు చదవండి. సిస్ ఫోల్డర్‌లో థర్మల్ జోన్ 0 కింద టెంప్ ఫైల్ 65000 అంటే 65 డిగ్రీలు. సీపీయూ ఫ్రీక్ కింద స్కేలింగ్_కర్_ఫ్రీక్ 1296000 అంటే 1.296 గిగాహెర్ట్జ్. గవర్నర్ (సీపీయూ వేగాన్ని నిర్ణయించే సెట్టింగ్) ఎప్పుడూ పూర్తి వేగం ఇచ్చే పర్ఫార్మెన్స్‌లో ఉండగా వేడి పెరిగి ఈ రెండో అంకె పడిపోతూ, దాంతో పాటే సౌండ్ చిట్లుతుంటే కోర్‌లో తప్పేం లేదు, వేడికి చిప్ తనే నెమ్మదిస్తోంది. పనిని బట్టి వేగం మార్చే ఆన్‌డిమాండ్‌లో మాత్రం పని లేనప్పుడు కూడా ఆ అంకె పడుతుంది, దాన్ని చూసి మోసపోకండి. ముందు రన్-అహెడ్ ఆపి అరగంట పరీక్ష మళ్లీ చేయండి. అప్పటికీ చిట్లితే ఆడియో లేటెన్సీని (సౌండ్ వినిపించే ముందు ఆలస్యం) 64 నుంచి 96 మిల్లీసెకన్లకు పెంచి చూడండి. మేనల్లుడు మళ్లీ కంప్లైంట్ చేస్తాడు, చేయనివ్వండి.